వంశాన్ని బతికించేది బయటివాళ్లే

మా ఊళ్లో దాదాపు రెండు వేల ఏళ్ల కిందట బతికిన ఒక నాయకుడికి ఇప్పుడు కులం వెతుకుతున్నారు. జాతర వచ్చినా, ఎన్నికలు వచ్చినా గోడల మీద పోస్టర్లు పడతాయి. కిరీటంతో, మెలితిప్పిన మీసంతో ఆయన బొమ్మ వేసి కింద ఒక సంఘం పేరు అచ్చేస్తారు. కొన్నాళ్లకు అదే బొమ్మ ఇంకో సంఘం పోస్టరు మీద కనిపిస్తుంది. ఆయన పేరు అదియమాన్ నెడుమాన్ అంజి. తగడూరు నాయకుడు. తగడూరు అంటే ఇప్పటి మా ధర్మపురి.

ఈ వెతుకులాట మా ఊరితో ఆగేదయితే తెలుగు పత్రికకు రాసేదాన్ని కాదు. ఆంధ్రలోనూ, తెలంగాణలోనూ శాసనంలో పేరు కనిపించిన ప్రతి రాజుకూ ఏదో ఒక సంఘం కండువా కప్పుతోంది. పిల్లలు చదివే చరిత్ర పుస్తకం కన్నా వాళ్ల ఫోన్‌కు వచ్చే వంశగాథ ఎక్కువ నమ్మకం సంపాదించుకుంటోంది. ప్రభుత్వ బడిలో చరిత్ర చెప్పి రిటైరైన టీచరుగా నాకు ఇది బాధ కలిగిస్తోంది, భయం కూడా కలిగిస్తోంది. నేను చెప్పదలచింది ఒకటే. ఏ వంశమూ తన గురించి తాను చెప్పుకున్న గొప్పల వల్ల నిలవలేదు. వంశానికి సంబంధం లేనివాళ్లు, అంటే స్నేహితులు, పొరుగువాళ్లు, ఆఖరికి శత్రువులు గుర్తుపెట్టుకోవడం వల్ల నిలిచింది. మా నేలను ఏలిన రెండు వంశాలు ఇందుకు సాక్ష్యం. ఆ రెండింటి కథలోనూ తెలుగు నేలకు భాగం ఉంది.

ధర్మపురి అనగానే తెలుగు పాఠకులకు గోదావరి ఒడ్డు నరసింహస్వామి గుర్తొస్తాడు. మాది తమిళనాడు ధర్మపురి. బెంగళూరు నుంచి హోసూరు, కృష్ణగిరి మీదుగా సేలం వెళ్లే దారిలో తగులుతుంది. 1965లో సేలం నుంచి విడిపోయి జిల్లా అయింది, 2004లో కృష్ణగిరి మా నుంచి విడిపోయింది. మా ఇంట్లో తెలుగు, బడిలో తమిళం, బంధువుల్లో కొందరి నోట కన్నడం. దత్తమండలాల కలెక్టరుగా రాయలసీమ ఇప్పటికీ తలుచుకునే థామస్ మన్రో అంతకు ముందు, 1792 నుంచి ఏడేళ్లపాటు, ఈ బారామహల్ సీమలో రెవెన్యూ పని చూశాడు. మా ఊళ్లోనే కాపురమున్నాడు. మూడు భాషల కూడలిలో పుట్టినదాన్ని కాబట్టి, ఏ చరిత్రనైనా ఒక్కరి సొత్తు అంటే నాకు నమ్మబుద్ధి కాదు.

ముందు అదియమాన్ల సంగతి. ఈ వంశం పేరు, సత్యపుత్రులుగా, రాతలో మొదట కనిపించేది తమిళ దేశంలో కాదు, అశోకుడి శాసనాల్లో. క్రీస్తుపూర్వం మూడో శతాబ్దంలో అశోకుడు వేయించిన రెండో పెద్ద శిలాశాసనం చోళులను, పాండ్యులను, సత్యపుత్రులను, కేరళపుత్రులను తన ఏలుబడికి బయట ఉన్న పొరుగువారిగా చెబుతుంది. ఆ శాసనం ఉన్న చోట్లలో ఒకటి కర్నూలు జిల్లా తుగ్గలి మండలం, జొన్నగిరి దగ్గరి ఎర్రగుడి. అక్కడి బండల మీద అశోకుడి శాసనాలు ఇప్పటికీ ఉన్నాయి. ఆ మాట ఏ సందర్భంలో వచ్చిందో గమనించండి. యుద్ధమూ లేదు, జయమూ లేదు. మనుషులకు, పశువులకు వైద్యం ఏర్పాటు చేశానని, మందుమొక్కలు నాటించానని, బాటల పక్కన బావులు తవ్వించానని చెబుతూ, ఆ మేలు తన రాజ్యంలోనే కాక పొరుగు రాజ్యాల్లోనూ జరిగిందని చెప్పిన వాక్యంలో సత్యపుత్రుల పేరు వస్తుంది. అదే వరసలో సిరియాను ఏలిన గ్రీకు రాజు అంతియోకుడి పేరూ ఉంది. మా తగడూరు వంశానికి చరిత్రలో దొరికిన మొదటి ఆనవాలు ఒక పొరుగు రాజు వైద్యం గురించి వేయించిన రాత.

అయితే ఈ సత్యపుత్రులు ఎవరన్నది చాలాకాలం తేలలేదు. కొందరు మహారాష్ట్ర అన్నారు, కొందరు తుళునాడు అన్నారు, కొందరు కంచి ప్రాంతమన్నారు. కె.జి. శేషయ్యర్ వంటివారు అదియమాన్లే అన్నారు గానీ రాతిమీద రుజువు లేదు. 1981లో తిరుక్కోయిలూరు దగ్గర జంబై అనే ఊళ్లో, కొండ గుహలో, తమిళ బ్రాహ్మీ లిపిలో ఒక చిన్న శాసనం దొరికింది. సత్యపుత్రుడైన అదియన్ నెడుమాన్ అంజి ఈ పళ్లిని ఇచ్చాడని దాని సారాంశం. పళ్లి అంటే మునులు ఉండే చోటు. ఒకే ఒక్క పంక్తితో అశోకుడి శాసనంలోని వంశమూ, ప్రాచీన తమిళ సంగం కవులు పాడిన నాయకుడూ ఒకే ఇంటివాళ్లని తేలిపోయింది. తిరుక్కోయిలూరు అతని సొంత ఊరు కాదు. అతను గెలుచుకున్న కోవలూరు అదే. గెలిచిన చోట తన పరాక్రమం చెక్కించుకోలేదు, సన్యాసులకు నీడ ఇచ్చిన సంగతి చెక్కించాడు. ఎర్రగుడిలో పొరుగు రాజు, జంబైలో సర్వం వదిలేసిన మునులు. ఈ ఇద్దరూ లేకపోతే అదియమాన్ల పుట్టుపూర్వోత్తరాలు ఇప్పటికీ ఊహల్లోనే ఉండేవి.

ఇక అందరికీ తెలిసిన ఉసిరికాయ కథ. కొండ చరియలో, ఎక్కడానికి వీల్లేని చోట కాసిన ఉసిరికాయ అదియమాన్‌కు దొరికింది. తిన్నవాళ్లకు దీర్ఘాయువునిచ్చే కాయ అది. ఆ గొప్పతనం బయటపెట్టకుండా దాన్ని అవ్వైయార్ అనే కవయిత్రికి ఇచ్చేశాడు. ఆమె తర్వాత తెలుసుకుని పాడిన పాట పురనానూరు అనే సంగం పాటల సంకలనంలో ఉంది. మా అమ్మమ్మ ఈ కథ మాకు తెలుగులోనే చెప్పేది. అంత మంచి కాయ కొడుక్కి ఎందుకు ఇవ్వలేదని నేనడిగితే, "కొడుక్కి ఇచ్చింటే మనకెట్ల తెలిసుండునే పిల్లా" అంది. చదువులేని మనిషి. నేను బీఏలో, ఎంఏలో చదివిన చరిత్రంతా ఆ ఒక్క మాటకు వ్యాఖ్యానంగానే నిలిచింది.

అవ్వైయార్ అతని చుట్టం కాదు. ఊరూరూ తిరుగుతూ పాడే కళాకారుల తెగలోని మనిషి. అయినా అదియమాన్ తరఫున కాంచీపురం తొండైమాన్ దగ్గరికి రాయబారం వెళ్లింది. అతని యుద్ధాలు పాడింది, ఇంట్లో కొడుకు పుట్టినప్పుడు పాడింది, అతను చనిపోయినప్పుడు ఏడ్చి పాడింది. అతని పూర్వీకులే చెరకును ఈ నేలకు తెచ్చారన్న సంగతి మనకు తెలిసింది కూడా ఆమె పాట వల్లే. ఇప్పుడు పాలక్కోడు చక్కెర మిల్లుకు చెరకు ట్రాక్టర్లు బారులు తీరితే, ఆ పంట మొదలు ఎవరు తెచ్చారో చెప్పగల సాక్షి ఒక బాటసారి కవయిత్రి.

శత్రువు సంగతి ఇంకా గొప్పది. చేర రాజు పెరుంచేరల్ ఇరుంపొఱై తగడూరును ముట్టడించి గెలిచాడు. అతని ఘనతను పదిఱ్ఱుప్పత్తు అనే మరో సంగం సంకలనంలో పాడిన కవి అరిసిల్ కిళార్. ఆ కవే తగడూరు యుద్ధంలో నేలకొరిగిన అదియమాన్ ఎళిని కోసం శోకగీతం రాశాడు. పురనానూరులో అది భద్రంగా ఉంది. గెలిచినవాడి ఆస్థానంలో పేరు తెచ్చుకున్న కవి ఓడినవాడి మంచితనాన్ని తలుచుకుని విలపించాడు. తన ప్రభువు ఏమనుకుంటాడో అని వెనక్కి తగ్గలేదు. తగడూరు పేరు నిలిచింది కోటగోడల వల్ల కాదు, అటువైపు నిలబడిన మనిషి నిజాయితీ వల్ల.

ఆ తర్వాత ఈ పేరు పూర్తిగా చెరిగిపోలేదు. నామక్కల్ కొండలో విష్ణు గుహాలయం తొలిపించిన గుణశీలుడు అదియ కులం వాడినని చెప్పుకున్నాడు. ఎనిమిదో శతాబ్దపు పాండ్య రాజు అదియన్‌ను ఓడించానని రాగిరేకుల మీద రాయించుకున్నాడు. అంజి కాలానికి వెయ్యేళ్లు దాటాక, చోళుల చివరి రోజుల్లో, విడుకాదళగియ పెరుమాళ్ అనే తగడూరు అధిపతి పోలూరు దగ్గరి తిరుమలై జైన కొండకు వెళ్లాడు. తన పూర్వీకుడు ఎళిని చేయించిన యక్షుడి, యక్షిణి విగ్రహాలు పాడైపోయి ఉంటే బాగుచేయించి, ఆ సంగతిని సంస్కృతంలోనూ తమిళంలోనూ చెక్కించాడు. వెయ్యేళ్లకు పైగా రక్తం తెగకుండా పారిందో లేదో ఎవరూ చెప్పలేరు. ఒక దానం మాత్రం గుర్తుంది. తాతలు చేసిన దానాన్ని వెతుక్కుంటూ వెళ్లి బాగుచేసిన మనవడు, తాతల పేరు చెప్పుకుని ఊరేగిన మనవడి కన్నా ఎన్నో రెట్లు ఎక్కువ వారసుడు.

రెండో వంశం నొళంబులు. తొమ్మిదో శతాబ్దంలో తగడూరు వీళ్ల చేతికి వచ్చింది. వీళ్ల రాజధాని హెంజేరు. ఇప్పుడది హేమావతి, శ్రీ సత్యసాయి జిల్లా అమరాపురం మండలంలో కర్ణాటక సరిహద్దును ఆనుకుని ఉన్న పల్లె. అనంతపురం సీమలో ఒక కొస నుంచి మా ధర్మపురి దాకా విస్తరించిన నొళంబవాడిని శాసనాలు ముప్పై రెండు వేల సీమ అంటాయి. హేమావతి సిద్ధేశ్వర ఆలయంలో శివుడు లింగరూపంలో కాక మనిషి రూపంలో కూర్చుని ఉంటాడు. దొడ్డేశ్వర ఆలయం స్తంభాలు, రాతిలో జాలీలా తొలిచిన కిటికీలు చూస్తే చెక్కినవాడి ఓపికకు చేతులెత్తి దండం పెట్టాలనిపిస్తుంది. తెలుగు పాఠకుల్లో లేపాక్షి చూసినవారు లక్షల్లో ఉంటారు. దానికి అంత దూరం కాని హేమావతిని చూసినవారు ఎందరు?

నొళంబులు తమ పుట్టుక గురించి ఏం చెప్పుకున్నారు? హేమావతి స్తంభ శాసనంలో వంశావళి ఉంది. ఈశ్వర వంశంలో కంచి ప్రభువు త్రినయన పల్లవుడు, ఆ తర్వాత మంగళ నొళంబాధిరాజు, సింహపోతుడు, చారుపొన్నేరుడు, పొళల్చోరుడు, మహేంద్రుడు, అయ్యపదేవుడు, ఇలా నడుస్తుంది. మంగళుడి నుంచి కిందికి వచ్చేవారిలో చాలామందిని ఇతర శాసనాలూ చెబుతాయి. పైనున్న మూడు కన్నుల పల్లవుడు మాత్రం గాథలోని మనిషి.

ఆయన మన తెలుగు గాథల్లోనూ ఉన్నాడు. కోరుమిల్లి శాసనంలో వేంగి చాళుక్య రాజు రాజరాజ నరేంద్రుడు తన వంశమూలం చెబుతూ, అయోధ్య నుంచి దక్షిణానికి వచ్చిన విజయాదిత్యుడు త్రిలోచన పల్లవుడితో పోరాడి చనిపోయాడంటాడు. తెలుగు చోడులేమో తమ మూలపురుషుడు కరికాలుడు త్రిలోచనుడు మొదలైన రాజుల చేత కావేరి గట్లు కట్టించాడంటారు. ఒకే మనిషి ఒక వంశానికి తాత, ఇంకో వంశానికి శత్రువు, మరో వంశానికి కూలి. కాకతీయుల సంగతీ మనకు తెలిసిందే. చాలా శాసనాలు వారిని చతుర్థ కులజులని, అంటే శూద్రులని, సూటిగా చెబుతాయి. గణపతిదేవుడి మోటుపల్లి శాసనం మనువు, ఇక్ష్వాకుడు, రఘువు, రాముడు అంటూ సూర్యవంశానికి కలుపుతుంది. ఈ మూలకథలు అబద్ధాలని కొట్టిపారేయమని నేను అనను. ఆ రాజులు తమను లోకం ఎలా చూడాలని కోరుకున్నారో అవి చెబుతాయి. అంతవరకే వాటి సాక్ష్యం.

కోరుమిల్లి కథలోనే ఇంకో సంగతి ఉంది. విజయాదిత్యుడు చనిపోయేనాటికి గర్భవతిగా ఉన్న ఆయన రాణి ముదివేము అగ్రహారం చేరుకుంటే విష్ణుభట్ట సోమయాజి ఆమెను కూతురిలా చూసుకున్నాడు. అక్కడే విష్ణువర్ధనుడు పుట్టాడు. చాళుక్యుల మూలకథకు ప్రాణం ఎక్కడుంది? అయోధ్యలో ఉందా, ముక్కూ మొహం తెలియని నిండు గర్భిణిని లోపలికి రమ్మన్న ఆ ఇంటి గడపలో ఉందా? తమ గొప్ప చెప్పుకోవడానికి అల్లిన కథలో సైతం బయటివాడికి కృతజ్ఞత చెప్పకుండా ఉండలేకపోయారు.

నొళంబుల గురించి రుజువుతో తెలిసినదానిలో చాలా భాగం కూడా బయటి సాక్ష్యాల వల్లే. శకసంవత్సరం 815లో, అంటే 893లో, నిధియణ్ణ, చండియణ్ణ అనే ఇద్దరు తగడూరులో జైన బసది కట్టించారు. శివభక్తుడైన మహేంద్ర నొళంబుడు దానికి మూలపల్లి అనే ఊరిని ఇచ్చాడు. ధర్మపురిలో దొరికిన ఆ కన్నడ శాసనం మహేంద్రుడి కాలాన్ని కూడా చెబుతుంది. వేంగి చాళుక్యుల రాగిరేకుల్లో రెండో భీముడు ఓడించినవారి జాబితాలో అయ్యపుడి పేరుంది. అతను మహేంద్రుడి కొడుకేనని చరిత్రకారులు గుర్తించారు. గంగరాజు రెండో మారసింహుడు తనను తాను నొళంబకులాంతకుడినని పిలుచుకున్నాడు. చంపానని చెప్పుకోవడం వల్ల చచ్చినవాడి పేరు కూడా నిలిచింది. పదకొండో శతాబ్దంలో రాజేంద్ర చోళుడి సైన్యం నొళంబవాడి స్తంభాలను ఊడబెరికి తంజావూరు పక్కనున్న తిరువయ్యారుకు తీసుకుపోయింది. అక్కడి ఆలయంలో అవి ఇంకా నిలబడి ఉన్నాయి. హేమావతి శిల్పాలు మరికొన్ని మద్రాసు మ్యూజియానికి చేరాయి. 1964లో సి. శివరామమూర్తి వాటి మీద ఒక పుస్తకమే రాశారు. కొల్లగొట్టినవాడి గుడిలో, మరో ఊరి మ్యూజియంలో నొళంబులు బతికారు.

వంశం పేరు ఎలా చేతులు మారుతుందో కూడా వీళ్లే చూపిస్తారు. కల్యాణి చాళుక్య చక్రవర్తి ఆరో విక్రమాదిత్యుడి తమ్ముడు జయసింహుడికి నొళంబ పల్లవ పెర్మానడి అన్న బిరుదు ఉండేది. పుట్టుకతో చాళుక్యుడు, బిరుదుతో నొళంబుడు, ఆ బిరుదులోనే పల్లవుడు. ఏలిన సీమ పేరు మనిషికి అంటుకుంది. ఇప్పుడు ఆ బిరుదు చూసి జయసింహుడి కులం తేల్చమంటే ఎవరు తేలుస్తారు?

ఇది మన దేశపు అలవాటు మాత్రమే కాదు. చైనాను 1644 నుంచి 1912 దాకా ఏలిన మంచూ రాజవంశం పేరు ఐశిన్ గియోరో. ముగ్గురు దేవకన్యలు సరస్సులో స్నానం చేస్తుంటే పక్షి ఒక ఎర్రటి పండు తెచ్చి పెట్టిందని, చిన్నది ఫెకులెన్ అది తిని గర్భవతి అయిందని, ఆమె కొడుకే తమ మూలపురుషుడని వారు చెప్పుకున్నారు. మంచూ అన్న జాతి పేరే 1635లో వారి పాలకుడు హోంగ్ తైజీ ఆజ్ఞతో ఖాయమైంది. ఆ తర్వాత మంచూ వంశాలన్నిటినీ నమోదు చేసే పెద్ద గ్రంథం చక్రవర్తి ఆజ్ఞ మీద 1744లో పూర్తయింది. వంశం పుట్టుకను ప్రభుత్వమే కాగితం మీద పెట్టిందన్న మాట. రాజ్యం పోయాక అవే కుటుంబాల్లో ఎన్నో బతుకుతెరువు కోసం చైనా ఇంటిపేర్లు పెట్టుకుని పాతవాటిని దాచుకున్నాయి. అయితే ఈ వంశం గద్దె ఎక్కకముందు ఎలా ఉండేదో, దాని స్థాపకుడు నూర్‌హాచీ కొండకోటలో ఎలా బతికేవాడో నమ్మదగిన వివరం ఎవరిచ్చారు? 1595-96 చలికాలంలో అక్కడికి వెళ్లొచ్చిన షిన్ చుంగిల్ అనే కొరియా అధికారి. దేవకన్య కథ ఇంటివాళ్లు చెప్పింది. ఇల్లు, వాకిలి, కంచె, మనుషులు పొరుగువాడు చూసి రాసినవి.

వంశవృక్షాల్లో ఇంకో అన్యాయం ఉంది. ఇప్పుడు మనవాళ్లు డబ్బు పెట్టి అచ్చు వేయించుకునే వంశచరిత్రల్లో తాత, ముత్తాత, వాళ్ల తాత ఉంటారు. ఆడవాళ్లు ఉండరు, ఉన్నా పేరు ఉండదు. శాసనాలు అంత కృపణంగా లేవు. మహేంద్ర నొళంబుడి తల్లి జాయబ్బె గంగరాజుల ఆడపడుచు. అంటే నొళంబకులాంతకుడు నరికిన కొమ్మలో సొంత ఇంటి ఆడబిడ్డ నెత్తురు కూడా ఉంది. కోలారు జిల్లా ఆవని శాసనం కదంబుల ఇంట పుట్టి నొళంబుల ఇంట మెట్టిన దీవబ్బరసి గుడి కట్టించిన సంగతి చెబుతుంది. గంగులు, కదంబులు, నొళంబులు అంటూ మనం విడివిడి అధ్యాయాలుగా చదివినవాళ్లంతా నిజానికి ఒకరికొకరు అత్తలు, మేనమామలు, అల్లుళ్లు. తల్లి వైపు లెక్క కూడా రాసుకుంటే ఏ వంశమైనా నాలుగు తరాలకే ఊరందరి వంశం అవుతుంది.

నాతో వాదించేవారు ఒక మాట అంటారు. అందులో న్యాయం ఉంది కాబట్టి దాటవేయను. తరతరాలుగా తలవంచుకుని బతికిన జనానికి ఒక రాజు తమవాడని తెలిస్తే వెన్ను నిటారవుతుంది కదా, దాన్నెందుకు తీసేస్తారు అంటారు. నా క్లాసులో ఒక కుర్రాడు లేచి, "టీచర్, అదియమాన్ మావాడా, వాళ్లవాడా?" అని అడిగినప్పుడు వాడి కళ్లలో చూసింది గర్వం కోసం ఆకలే. దాన్ని చిన్నచూపు చూడలేం. ఆ పిల్లలను సేలం దారిలో ఉన్న అదియమాన్‌కోట్టైకి తీసుకెళ్లాను. తర్వాత మా పట్టణంలోని పురావస్తు శాఖ మ్యూజియంలో వరసగా నిలబెట్టిన వీరగల్లుల దగ్గర కూర్చోబెట్టాను.

గౌరవం వెతుక్కోవాల్సిన చోటు అదే. ధర్మపురి, కృష్ణగిరి, తిరువణ్ణామలై జిల్లాల్లో వీరగల్లులు లెక్కలేనన్ని ఉన్నాయి. పశువులను తోలుకుపోయే దొంగలతో పోరాడి చనిపోయినవారికి, ఊరిని కాపాడి పడిపోయినవారికి ఊరివాళ్లు నిలబెట్టిన రాళ్లవి. వాటిమీద రాజు పేరు కాలం చెప్పడానికి మాత్రమే వస్తుంది. అసలు పేరు చనిపోయిన మామూలు మనిషిది. చెంగం ప్రాంతంలోని ఎడుత్తనూరు రాతి మీద, మహేంద్రవర్మ పల్లవుడి 34వ ఏట, యజమానితో పాటు దొంగలను ఎదిరించిన కోవివన్ అనే కుక్కకు కూడా బొమ్మ, పేరు చెక్కారు. కుక్క చేసిన మేలును మరవని నేల ఇది. ఇలాంటి చోట రాజు చుట్టరికం లేకపోతే గౌరవం రాదని పిల్లలకు ఎవరు నేర్పారు? ఆ కుర్రాడు రాళ్లమీది పేర్లు ఒక్కొక్కటే కూడబలుక్కుని చదివాడు. కులం గురించి మళ్లీ అడగలేదు. వీరుడి తలకట్టు గురించి, చేతిలో విల్లు పట్టుకున్న తీరు గురించి అడిగాడు.

మా వైపు పల్లెల్లో వీరగల్లును వేడియప్పన్ అని పిలిచి పూజిస్తారు. ఆ పూజ వల్లే ఎన్నో రాళ్లు ఇన్ని శతాబ్దాలు నిలిచాయి. ఇప్పుడు కొన్నింటికి ఎనామిల్ పెయింట్ వేస్తున్నారు, అక్షరాలు మూసుకుపోతున్నాయి. కొన్ని రోడ్డు వెడల్పు పనుల్లో మట్టికింద పోతున్నాయి. కొన్ని బట్టలుతికే బండలయ్యాయి. పోస్టరు మీద రాజు మీసం సరిగా లేదని గొడవపడే సంఘం, అదే రాజు కాలపు రాయి కాలువలో పడి ఉంటే పట్టించుకోదు. నాకు మింగుడుపడని విషయం ఇదే.

చేయదగ్గవి చేతిలోనే ఉన్నాయి. మీ ఊరి పొలిమేరలో రాత ఉన్న రాయి కనిపిస్తే పెయింట్ వేయనివ్వకండి, సున్నం కొట్టనివ్వకండి. పగటి వెలుగులో ఫోటో తీసి, ఊరు, పొలం, దగ్గరి గుర్తు రాసి పురావస్తు శాఖకు, దగ్గరి మ్యూజియానికి పంపండి. పూజ ఆపమని ఎవరూ అడగరు, అక్షరాన్ని మిగల్చమని మాత్రమే అడుగుతున్నాను. ఆంధ్ర ప్రభుత్వం హేమావతికి బడిపిల్లలను తీసుకెళ్లే ఏర్పాటు చేయాలి. ఎర్రగుడి బండ దగ్గర, అందులో పేరున్న తగడూరు వంశం గురించి తెలుగులో నాలుగు వాక్యాల బోర్డు పెట్టాలి. తమిళనాడు ప్రభుత్వం ధర్మపురి మ్యూజియంలో తమిళంతో పాటు తెలుగులో, కన్నడంలో కూడా వివరాలు రాయించాలి. ఈ రాళ్లు మూడు భాషల తాతలవి. సంఘాలకు నా విన్నపం ఇంకొకటి ఉంది. ఒక్క ఏడాది పోస్టర్ల ఖర్చు పక్కనపెట్టి మీ తాలూకాలో ఒక్క వీరగల్లుకు రేకుల పందిరి వేయించండి. అది ఏ కులంవాడి రాయో విచారించకండి. విడుకాదళగియ పెరుమాళ్ విగ్రహాలు బాగుచేయించింది జైన కొండమీద, తన ఊళ్లో కాదు.

ఇంట్లో వంశవృక్షం రాసుకునే వారికి కూడా ఒక మాట. తాతల పేర్ల పక్కన అమ్మమ్మల, నాయనమ్మల పుట్టింటి ఊర్లు రాయండి. కరువులో గింజలు అప్పిచ్చిన పొరుగింటివారి పేరు, చదువుకు ఫీజు కట్టిన మాస్టారి పేరు, కాన్పు చేసిన మంత్రసాని పేరు రాయండి. మీ వంశం ఈ రోజు వరకు రావడానికి వారి చేయి ఉంది. ఆ పేర్లు లేని వంశవృక్షం సగం చరిత్రే.

రాజు మావాడని చెప్పుకోవడానికి ఏ అర్హతా అక్కర్లేదు, గోడ దొరికితే చాలు. మన గురించి పక్క కులంవాళ్లు, పక్క ఊరివాళ్లు, మనతో పోట్లాడినవాళ్లు కూడా ఒక మంచి మాట చెప్పేలా బతకడానికి మాత్రం చాలా కావాలి. అదియమాన్‌కు ఆ మాట దక్కింది. ఆయన వారసత్వం కావాలనుకునే సంఘం ఏదైనా సరే, తన తర్వాతి సభలో ఇతర కులాల వారికి తాము చేసిన మేలు ఏదో చదివి వినిపించాలి. ఆ జాబితా పొడుగ్గా ఉన్న సంఘమే ఆయన వంశం. నా వరకు నేను ఇంకే రుజువూ అడగను.